అరగని గడియ

కొలిమి నీలాలుకి అన్యాయం జరిగింది. రౌద్రి సంవత్సరం, శ్రావణ బహుళ తదియ, మంగళవారం నాడు, తూర్పు కోట వాకిట్లో జరిగింది. అయిదో గడియ ముగిసిందని గంట కొట్టారు, ఆమె మొగుడు గవరయ్యని ఉరి తీశారు. గంట కొట్టినవాడు అబద్ధం ఆడలేదు. అతని గిన్నె ప్రకారం అయిదో గడియ ముగిసింది. రాజుగారి గిన్నె ప్రకారం ఇంకా నాలుగోదే నిండలేదు.

ఆ రాజ్యంలో ఉరిశిక్ష పడ్డ మనిషిని ఉరికొయ్య కింద అయిదు గడియలు నిలబెట్టాలని చట్టం. ఆలోపు పడమటి కోట నుంచి రాజుగారి క్షమాపత్రం వస్తే వదిలేస్తారు. రాకపోతే లేదు. గుర్రం మీద మనిషి ఆ కోట నుంచి ఈ కోటకి రావడానికి నాలుగు గడియలు పడుతుంది. ఉత్తరం రాయడానికి ఒక గడియ. చట్టం రాసినవాడు ఆమాత్రం లెక్క చూసుకునే రాశాడు.

గడియని గిన్నెతో కొలిచేవారు. అడుగున సూదిమొనంత బెజ్జం ఉన్న రాగి గిన్నెని గంగాళంలో నీళ్ళ మీద వదులుతారు. అది నిండి మునగడానికి ఎంతసేపు పడితే అంతసేపు ఒక గడియ. ఏ కోటకి ఆ గిన్నె. ఏ గిన్నెకి ఆ గడియ.

కరువు ఏట ధాన్యపు కొట్టు తాళం కరిగించాడన్నది గవరయ్య మీద నేరం. కరిగించిన మాట నిజమే. రాజుగారికి జాలేసింది, క్షమించాను అని రాశాడు. ఉత్తరం వచ్చేసరికి గవరయ్య కాళ్ళు ఇంకా ఊగుతున్నాయి.

నీలాలు ఏడవలేదు. ఆరేళ్ళ కూతురు పగడాలుని చంకనేసుకుని గంట కొట్టేవాడి దగ్గరికి వెళ్ళింది.

"నీ గిన్నె ఒకసారి చూపించు అన్నా."

"చూసుకోమ్మా, నాదేం తప్పులేదు," అన్నాడతను. గిన్నె ఆమె చేతిలో పెడుతూ కాస్త గర్వపడ్డాడు కూడా. "ముప్ఫై ఏళ్ళుగా మా ఆవిడ రోజూ చింతపండేసి తోముతుంది. ఎలా మెరుస్తుందో చూడు. పడమటి కోటలో ఉన్నదానికి చిలుం పట్టేసి ఉంటుంది."

నీలాలు గిన్నెని వెలుతురుకి ఎత్తి చూసింది. కొలిమిలో పుట్టి కొలిమిలో కాపరం చేసిన మనిషి. లోహం ఎక్కడ అరిగిందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఈ బెజ్జంలో ఆవగింజ దూరుతుంది," అంది.

గిన్నెని కొంగులో కట్టుకుని, పిల్లని నడిపిస్తూ, ఎత్తుకుంటూ, రెండు రోజులు నడిచి పడమటి కోటకి వెళ్ళింది.

రాజుగారు తాంబూలం నములుతూ, "ఏం కావాలి?" అని అడిగాడు.

"ఏమీ వద్దు దొరా. ఈ గిన్నె, మీ గిన్నె, రెండూ ఒకే నీళ్ళలో వేయించండి. నేనూ చూస్తాను, మీరూ చూడండి."

వేశారు. సభంతా నీళ్ళ చుట్టూ మూగింది. తళతళా మెరిసే తూర్పు గిన్నె గబగబా నీళ్ళు తాగి బుడుంగుమని మునిగింది. చిలుం పట్టిన పడమటి గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. ఆ రెండు గిన్నెలకీ మధ్య ఉన్న కాస్త ఎడంలో తన మొగుడి బతుకు ఉందని నీలాలు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే కనిపిస్తోంది.

సభలో ఒక్క మనిషి మాత్రం గిన్నెల్ని చూడలేదు. ఆయన ఆస్థాన సిద్ధాంతి. నీలాలు భుజాల్ని చూస్తున్నాడు.

"అయితే కొత్త గిన్నెలు పోయిద్దాం," అన్నాడు మంత్రి.

"వాటినీ తోముతారు," అన్నాడు సిద్ధాంతి. "గడియ అంటే శాస్త్రంలో మూడు వందల అరవై ఊపిర్లు. తీరుబడిగా ఉన్న మనిషివి. రాగి అరుగుతుంది, నీరు కాగుతుంది. ఊపిరి అరగదు."

"తీరుబడిగా ఉన్న మనిషి మన రాజ్యంలో ఎవరయ్యా?" అని రాజు అడిగాడు. అందరూ రాజు వైపే చూసి, చప్పున తలలు తిప్పుకున్నారు.

వస్తాదుని పిలిచారు. అతని ఊపిరి ఆబోతులా ఉంది. పాటగాణ్ణి పిలిచారు. అతను నలుగురు చూస్తున్నారనేసరికి ఊపిరిలో కూడా గమకాలు పెట్టాడు. యోగిని పిలిచారు. ఆయన ఊపిరి తీశాడో లేదో తేలక లెక్కపెట్టేవాళ్ళు కొట్టుకున్నారు. అప్పుడు సిద్ధాంతి నీలాలుని చూపించాడు.

"పొద్దుటి నుంచీ ఈమెనే చూస్తున్నాను. మొగుడు పోయి మూడు రోజులు. రాజుగారి ఎదుట నిలబడింది. కడుపులో నిప్పులున్నాయి. ఒక్క ఊపిరి కూడా తప్పలేదు."

తప్పదు. పదేళ్ళ వయసు నుంచి కొలిమి దగ్గర తిత్తి లాగిన మనిషి. ఒక లాగు, ఒక వదులు. తిత్తి ఊపిరి తప్పితే ఇనుము పాడవుతుంది. ఇనుము పాడైతే ఆ పూట కూడు లేదు. అలా నేర్చుకున్న ఊపిరి అది.

"నా ఊపిరితో కొలిస్తే ఇంకెవరినీ వేళకి ముందు ఉరి తియ్యరా?" అని నీలాలు అడిగింది.

"తియ్యరు. నిన్నెవరూ చింతపండేసి తోమరు కదా," అన్నాడు సిద్ధాంతి. సభ నవ్వింది.

"నా పిల్ల?"

"రాజ్యం చూసుకుంటుంది."

"ఆ మాట కాగితం మీద రాయించండి దొరా. నాకు ఏది ఇచ్చినా నా తర్వాత నా పిల్లకి రావాలి. కొలిమి ఆరిపోయింది. అది మళ్ళీ వీధిన పడకూడదు."

లేఖకుడు రాశాడు: ఈమె స్థానమూ, ఈమె హక్కులూ, ఈమె తర్వాత ఈమె కూతురికి. నీలాలుకి చదువు రాదు. చదివించుకుని విని, సరేనని వేలిముద్ర వేసింది. ఒక గిన్నె మోసం చేసింది కనుక కాగితం చేయదని నమ్మింది. ఆమె తెలివితక్కువది కాదు. తెలివైనవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట నమ్మకుండా బతకలేరు.

తూర్పు కోట వాకిలి పక్కనే గడియల ఇల్లు కట్టారు. నేల కింద రాతిగది, పైకి వెళ్ళడానికి చుట్లు తిరిగే నలభై మెట్లు. ఎండా వానా తగలని గది, మాట చొరబడని గది. గదిలో మంచం, ఒక మూల నీళ్ళ గంగాళం, దాని అంచున ఆ తూర్పు గిన్నె. పాత అన్యాయం అందరికీ గుర్తుండాలని రాజుగారే పెట్టించాడు. కటకటాల అవతల పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు లెక్కపెట్టేవాళ్ళు. నీలాలు ఒకసారి ఊపిరి తీసి వదిలితే చెరొక చింతగింజ ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలో వేయాలి. మూడు వందల అరవై గింజలు పడగానే తాడు లాగుతారు, పైన గంట మోగుతుంది. ఆ గంట విని దిబ్బ మీది నగారా, ఆ నగారా విని పై దిబ్బ మీది నగారా. అలా నీలాలు ఊపిరి పడమటి కోట దాకా పోయేది.

మొదటిరోజు పగడాలు కూడా తల్లి పక్కనే పడుకుంది. పిల్లకి కాస్త జలుబుగా ఉంది. అది దగ్గినప్పుడల్లా తల్లి ఊపిరి ఆగి, పిల్ల సర్దుకున్నాక మళ్ళీ సాగింది. తెల్లారి గడియల అధికారి గింజల లెక్క చూశాడు.

"పిల్ల దగ్గితే కాలం ఆగుతోంది. ఇలా అయితే ఎలా?" అన్నాడు. పిల్లని తీసుకుపోయారు.

రాజ్యం మాత్రం పండగ చేసుకుంది. రెండు ఊళ్ళ పురోహితులు ఒకే ముహూర్తానికి తాళి కట్టించారు. కాలవ నీళ్ళ వంతుల దగ్గర తలలు పగలడం ఆగింది. పుట్టిన పిల్లల జాతకాలు మళ్ళీ రాయించుకున్నారు. ఆమెని ఊపిరమ్మ అన్నారు. గడియల ఇంటి గడప మీద పసుపు కుంకాలు చల్లారు. లోపల ఉన్న మనిషి ఎలా ఉంది అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. ఆమె నిద్రపోతే రాత్రి గడియలు కాస్త సాగేవి. రాత్రిపూట ఎవరికేం పని అన్నారు. కావలివాళ్ళని అడిగితే చెప్పేవారు. వాళ్ళనీ ఎవరూ అడగలేదు.

ఏడాదికొకసారి ఉగాది నాడు ఒక దారం వచ్చేది. పగడాలు ఎత్తు కొలిచి తెంపిన నూలుదారం. మనిషిని చూస్తే ఊపిరి తప్పుతుంది, దారాన్ని చూస్తే తప్పదని అధికారి తేల్చాడు. నీలాలు వాటిని గోడ మేకుకి వరసగా వేలాడదీసుకుంది. కిందటి దానికంటే ఇది జానెడు పొడుగు, దానికంటే ఇది బెత్తెడు పొడుగు. ఆమెకి తెలిసిన కాలం అంతే. తను లోకానికంతటికీ కొలిచిపెడుతున్న కాలం ఆమెకి తెలియదు. చివరి మూడు దారాలూ సమానంగా ఉన్నాయి. పిల్ల ఎదిగిపోయింది, ఇక ఎదగదు అనుకుంది.

పగలు లెక్కపెట్టే ఇద్దరిలో ఒకడు మూగమొద్దు మగమనిషి. గింజ, ఊపిరి తప్ప ఈ భూమ్మీద ఇంకోటి ఉందని అతనికి తెలియదు. రెండోది ఒక ముసలావిడ. ఆమెని గింజలమ్మ అనేవారు. నోరు పెద్దది.

"ఒసే నీలాలూ, కాస్త నెమ్మదిగా పీల్చవే. మా మనవరాలి పెళ్ళికి నేను వెళ్ళేలోగా ముహూర్తం దాటించేట్టున్నావు."

"నన్ను నవ్వించకు పెద్దమ్మా. నవ్వితే గింజలు తప్పుతాయి."

"తప్పితే నా వేలు తీస్తారు. నీకేం, మహారాణివి. పాలు, పళ్ళు, పరుపు. నా మొహానికి చింతగింజలు."

మొదటి ఏడేళ్ళు అలా గడిచాయి. అప్పుడు రాజుగారికి మూడో కోట కట్టాలనిపించింది. కూలీలు పొద్దున గంట నుంచి సాయంత్రం గంట దాకా పాతిక గడియలు రాళ్ళు మోయాలి. అంతకంటే ఎక్కువ చేయించకూడదని చట్టం. రాజుగారు చట్టం మీరే మనిషి కాదు. గడియల అధికారి వైద్యుణ్ణి పిలిచాడు. ఆ రోజు నుంచి నీలాలు పొద్దుటి పాలల్లో కొంచెం నల్లమందు కలిసింది. పగలంతా మంచం మీద మత్తుగా, ఎంతకో ఒకసారి ఊపిరి తీస్తూ పడుకునేది. పాతిక గడియలు పొద్దుగూకినా పూర్తయ్యేవి కావు. కూలీలు దివిటీల వెలుగులో రాళ్ళు మోస్తూ, ఈ మధ్య వయసైపోతోంది కాబోలు, రోజు గడవడం లేదు అనుకునేవారు.

మరి కొన్ని పొద్దుల్లో పాలు ఉండేవి కావు. అధికారి కటకటాల దగ్గరికి వచ్చి, "కాళ్ళు పట్టేస్తాయమ్మా, మెట్లు ఎక్కి దిగు. వైద్యుడి మాట," అనేవాడు. నలభై మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. పైన తలుపు మూసే ఉండేది. చంకలో మినుముల మూట కూడా పెట్టేవారు, బలానికట. ఆమె రొప్పుతూ ఎక్కేది. గింజలు టపటపా పడేవి. గింజలమ్మ ఆ పొద్దుల్లో మాత్రం వేళాకోళం ఆడేది కాదు. తల వంచుకుని గింజలు వేసేది.

నీలాలు అది గమనించింది. మెట్లెక్కే రోజు కదా, ముసలిదానికి చేతులు నొప్పెడతాయి అనుకుంది.

పద్నాలుగేళ్ళు నిండాక, మాఘమాసంలో ఒక పొద్దున పాలు రాలేదు. అయితే ఇవాళ మెట్లు అనుకుని నీలాలు చీర ఎగదోపుకుంది. గింజలమ్మ పనికి ఎక్కే ముందే కటకటాల దగ్గరికి వచ్చి కూలబడింది. రాత్రివాళ్ళు అప్పుడే వెళ్ళారు, రెండోవాడు, ఆ మూగమొద్దు, ఇంకా రాలేదు.

"నీలాలూ, ఇవాళ మెట్లెక్కకే."

"ఏం, ఏమైంది?"

"నువ్వు మెట్లెక్కిన పొద్దులన్నీ ఉరి పొద్దులే."

నీలాలు గోడకి చెయ్యి ఆనించింది.

"నువ్వు రొప్పితే అయిదు గడియలు మూడైపోతాయి. గుర్రం దారిలో ఉండగానే గంట పడుతుంది. రాజుగారు దయగల మారాజు, ప్రతివాడికీ క్షమించానని రాస్తాడు. రాసినట్టు దేశమంతా చాటిస్తాడు. ఒక్క ఉత్తరమూ వేళకి రాదు. వస్తే ఇక ఇక్కడ ఎవడు భయపడతాడు?"

"ఎంతమంది?"

"నలభై ఒక్కమంది."

నీలాలు గంగాళం అంచున ఉన్న తూర్పు గిన్నెని చూసింది. దానికంటే తనే ఎక్కువ తళతళలాడుతున్నట్టు అనిపించింది.

"నలభై ఒక్కసార్లు నోరు మూసుకుని, ఇవాళ ఎందుకు చెబుతున్నావు పెద్దమ్మా?"

ముసలామె మొహం తిప్పుకుంది. "ఇవాళ నిలబెట్టేది పగడాలుని."

నీలాలు వచ్చి కటకటాలు పట్టుకుంది. ముసలామె అటు తిరిగే చెప్పింది.

"అది కోట పనిలో రాళ్ళు మోస్తోంది. రాజ్యం చూసుకోవడమంటే అదే. మూడేళ్ళ కిందటే నీకు దారం పంపడం మానేసింది. అమ్మని చూపించకుండా నా ఎత్తు ఎందుకు కొలుస్తారు అందట. తర్వాతవి వీళ్ళే తెంపి పంపారు. మొన్న పనిలో గడ్డపార నేలలో పాతి, దాని నీడకి సున్నంతో గీతలు గీసింది. కూలీలందర్నీ పిలిచి చూపించింది. వీళ్ళ పది గడియలు మన నీడలో పద్నాలుగు, రాళ్ళు దించండి అంది. దించారు. రాజముద్ర లేకుండా కాలం కొలవడం నేరం. న్యాయాధికారి దాన్ని అడిగాడట, కన్నతల్లి ఊపిరినే శంకిస్తావా అని."

"ఏమందట?"

"మా అమ్మ పక్కలో పడుకున్నాను, మా అమ్మ ఊపిరి నాకు తెలుసు. ఇది మా అమ్మ ఊపిరి కాదు అందట."

నీలాలు చీర కుచ్చిళ్ళు కిందికి దించుకుని నేల మీద కూర్చుంది. "మెట్లెక్కను. చంపినా ఎక్కను. తిత్తి దగ్గర కూర్చున్నట్టే కూర్చుంటాను. గుర్రం వస్తుంది."

రెండోవాడు వచ్చి తన గిన్నె ముందు కూర్చున్నాడు. పగలు పదో గడియ గంట మోగింది. పైన పగడాలుని నిలబెట్టారు. గడియల అధికారి కటకటాల దగ్గరికి వచ్చి, నేల మీద కూర్చున్న నీలాలుని చూసి, మెట్ల మాటే ఎత్తలేదు. కాసేపు నిలబడి, నెమ్మదిగా నవ్వి, తాళంచెవి మొలకి దోపుకుని పైకి వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం అధికారి పనిగట్టుకుని తన దగ్గరికి వచ్చి, ఆ పిల్ల పేరు రెండుసార్లు ఎందుకు చెప్పాడో గింజలమ్మకి అప్పుడు తెలిసింది.

ఎందుకంటే గింజలు అప్పటికే పరుగెత్తుతున్నాయి. నీలాలు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. కదలకుండా కూర్చుంది. కళ్ళు మూసుకుని తిత్తి కర్రని తలుచుకుంది. ఒక లాగు, ఒక వదులు. లాగుతుంటే పిల్ల మెడ కనిపించింది. వదులుతుంటే పిల్ల కాళ్ళు కనిపించాయి. మొగుడి చావుకి తప్పని ఊపిరి, రాజు ఎదుట తప్పని ఊపిరి, ఇప్పుడు వేటకుక్క ముందు కుందేలులా పరుగు పెట్టింది. ఆమె ఎంత ఆపితే అంత ఎగదన్నింది. మినుముల మూటతో మెట్లెక్కిన ఏ పొద్దునా గింజలు అంత వడిగా పడలేదు.

మొదటి గంట మోగింది. రెండోది మోగింది.

"నీలాలూ, నెమ్మదిగా పీల్చవే. నా తల్లివి కదూ," అంటూ ముసలామె గింజ వేసింది. మాట్లాడుతూ కూడా గింజ వేస్తూనే ఉంది. పద్నాలుగేళ్ళ అలవాటు.

"నీ గింజలు రెండు తగ్గించు పెద్దమ్మా."

"వాడివీ నావీ సరిపోవాలే."

నీలాలు రెండోవాడి వైపు చూసింది. అతను ఆమె కళ్ళని చూడలేదు. అతను చూసేది ఆమె రొమ్ము ఎగసిపడటాన్నే.

మూడో గంట. నాలుగో గంట. పైన దారి మీద ఇంకా దుమ్ము లేదు. గుర్రం ఇంకా సగం దారిలో ఉంది.

అప్పుడు నీలాలు ఊపిరిని నెమ్మది చేయాలనుకోవడం మానేసింది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తన ఊపిరిని తను లెక్కపెట్టుకోవడం ఆమెకి అదే మొదలు. నూరు. రెండు వందలు. లేచి, గోడ మేకుకున్న దారాలు తీసుకుంది. చివరి మూడింటినీ అక్కడే వదిలేసి, మిగిలిన పదకొండింటినీ మణికట్టుకి చుట్టుకుంది. మూడు వందలు. గంగాళం దగ్గరికి నడిచింది. తూర్పు గిన్నెని నీళ్ళ మీద వదిలింది. మూడు వందల యాభై. గింజలమ్మకి అర్థమైంది. గింజ వేసింది.

మూడు వందల యాభై తొమ్మిదో ఊపిరి వదిలి, నీలాలు గంగాళంలో మొహం పెట్టింది. రెండు చేతులతో అంచుని పట్టుకుంది. ఆ చేతులు ముందు బిగిశాయి, తర్వాత వణికాయి, తర్వాత వదులైపోయాయి. పక్కన రాగి గిన్నె తన అలవాటు కొద్దీ నీళ్ళు తాగుతూ తేలుతోంది.

రెండోవాడు గింజ పట్టుకున్న చెయ్యి గాలిలో అలాగే ఉంచాడు. "ఊపిరి రాలేదు," అన్నాడు. పద్నాలుగేళ్ళలో అతను మాట్లాడటం గింజలమ్మ వినడం అదే మొదటిసారి.

"రాలేదు," అంది ఆమె. "రానప్పుడు గింజ వెయ్యకూడదు. అదీ చట్టమే. కూర్చో."

కూర్చున్నారు. గంట మోగలేదు. దిబ్బల మీద నగారా కర్రలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడ్డారు. కోట పనిలో కూలీలు నెత్తి మీద రాళ్ళతో ఆగి, గంట కోసం చెవులు రిక్కించారు. పెళ్ళిపీటల మీద తాళి పట్టుకున్నవాడు పట్టుకునే ఉన్నాడు. ఉరికొయ్య కింద తలారి తాడు చేత్తో పట్టుకుని, అధికారి వైపు చూశాడు. రాజ్యంలో మొట్టమొదటిసారి గడియ ఒకటి నిండకుండా నిలబడిపోయింది. దూరంగా దారి మీద కాస్త దుమ్ము లేచింది.

అధికారి నలభై మెట్లూ పరుగున దిగాడు. కటకటాలు తెరిచి చూశాడు. అతను చెడ్డవాడే గాని చేతకానివాడు కాదు. లేఖకుణ్ణి పిలిచి పాత కాగితాల పెట్టె తెరిపించాడు. అడుగున ఉన్న కాగితం తీసి, వేలిముద్రకి పైన ఉన్న వాక్యం చదివించాడు. ఈమె స్థానమూ, ఈమె హక్కులూ, ఈమె తర్వాత ఈమె కూతురికి.

"లేవండి," అన్నాడు లెక్కపెట్టేవాళ్ళతో. "గింజలు పట్టుకుని పైకి రండి. కాలం పైన ఉంది."

గింజలమ్మ లేవలేదు. రెండోవాడు లేచాడు. ఒక్క గింజతో పని, దానికి ఒక్కడు చాలు.

ఉరికొయ్య కింద పగడాలు మెడలో తాడుతో నిలబడి ఉంది. గంట ఎందుకు ఆగిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. కింద తల్లికి ఏమైందో చెప్పలేదు. ఎదురుగా వచ్చి నిలబడి తన రొమ్మునే చూస్తున్న ఆ మూగమొద్దు మనిషి ఎవరో, పిడికిట్లో ఏం పట్టుకున్నాడో ఆమెకి తెలియదు. ఆమె చూపు దారి మీద ఉంది. చాలాసేపటి నుంచి, గుర్రం కనిపిస్తుందో లేదోనని, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

దుమ్ములోంచి గుర్రం బయటపడింది. దాని మీది మనిషి చెయ్యెత్తి ఉత్తరం ఊపుతున్నాడు. తెల్లటి కాగితం ఎండలో స్పష్టంగా కనిపించింది.

పగడాలు హమ్మయ్య అని గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది.

గింజ పడింది. గంట మోగింది. తలారి తాడు లాగాడు.

గుర్రం వాకిట్లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. లేఖకుడు పుస్తకం తెరిచి, ఉరి తీసిన వేళ రాశాడు. తర్వాత కలం ఆపాడు.

"అయ్యా, ఉత్తరం అందిన వేళ ఏమని రాయను?"

అధికారి ఉరికొయ్య వైపు చూశాడు. ఆ గంట తర్వాత లెక్కకి ఒక్క ఊపిరి కూడా రాలేదు. రావలసిన ఇద్దరూ లేరు. ఊపిరి లేనప్పుడు కాలం గడవలేదు.

"అదే వేళ అని రాయి," అన్నాడు.

లేఖకుడు రాశాడు. ఉరి తీసినది, ఉత్తరం అందినది, రెండూ ఒకే వేళకి. ఆలస్యం లేదు. భావ సంవత్సరం, మాఘ శుద్ధ ఏకాదశి, గురువారం, పగలు పదిహేనో గడియ. ఊపిర్లు పద్దెనిమిది వందలు.